దేవులాడే పట్టా: ఆరు వేల అప్పుతో మేము నేర్చుకున్న పని



ఇప్పటిదాకా గేదెల గురించి, కిరాణం గురించి, పచ్చళ్ల గురించి విన్నారు. మేము కుక్కల పట్టా గురించి చెప్తామంటే వెనుక వరుసలో అప్పుడే నవ్వులు వినబడుతున్నాయి. నవ్వండి, మొదట మేము కూడా నవ్వాం. పట్టా అంటే భూమి పట్టా అనుకోకండి. రంధ్రాలున్న రబ్బరు పట్టాకు గుడ్డ పేలికలు దట్టంగా కడతాం. చూస్తే గడ్డి మొలిచినట్టు ఉంటుంది. ఆ పేలికల మధ్య కుక్క తిండి గింజలు దాచిపెడితే కుక్క ముక్కుతో దేవులాడి తింటుంది. పట్నంలో దీన్ని స్నఫుల్ మ్యాట్ అంటారు. ఆ మాట మాకు నోరు తిరగక దేవులాడే పట్టా అని పేరు పెట్టుకున్నాం.

మా సంఘంలో ఒక చెల్లె హైదరాబాదులో అపార్ట్‌మెంటులో వంట పనికి పోయేది. ఆ ఇంట్లో కుక్క ఉంది. పొద్దంతా గదిలోనే. గిన్నెలో పోసిన తిండి రెండు నిమిషాల్లో మింగేసి, మిగతా రోజంతా సోఫా పీకడం, మొరగడం. ఇట్లాంటి పట్టా తెప్పించాక అదే తిండికి పావుగంట ముక్కు పెట్టి వెతికి, తర్వాత పోయి పడుకునేదట. చెల్లె వచ్చి చెప్తే మా పెద్దక్క ఒకామె, "పెరుగన్నం గిన్నెల పోస్తే తినదా? దానికి మళ్ల ఆటలా?" అన్నది. ఊర్లో కుక్క సంగతి వేరు అక్కా. అది పొద్దున లేస్తే వాడంతా వాసన చూసుకుంటూ తిరుగుతుంది, దాని పని దానికి ఉంది. మన ముక్కులో వాసన పట్టే కణాలు లక్షల్లో ఉంటే కుక్కకు కోట్లలో ఉంటాయి. అంత ముక్కు పెట్టుకొని నాలుగు గోడల మధ్య ఏమీ చేయకుండా కూర్చోవడం దానికి కష్టమే. గొలుసుతో కట్టేసిన మన ఇంటి కుక్కకైనా అంతే.

మాలో ఆరుగురం టైలరింగ్ చేసేవాళ్లం. జాకెట్ ముక్కలు, లంగా ముక్కలు సంచుల కొద్దీ పడి ఉన్నాయి. ఖర్చు లేని సరుకు అనుకున్నాం. చెల్లె మాట సాయంతో పట్నంలో కుక్కల సామాను అమ్మే ఒక మేడమ్ 25 పట్టాలకు ఆర్డర్ ఇచ్చింది. పట్టాకు 250 రూపాయలు. పదిహేను రోజుల్లో చేసి ఇచ్చాం, 6,250 రూపాయలు చేతికి వచ్చాయి, ఆరుగురం పంచుకున్నాం. ఒక్క పట్టా కూడా కుక్క ముందు వేసి చూడలేదు. ఇది రాసి పెట్టుకోండి అక్కలారా, ఎందుకంటే కథంతా ఇక్కడే ఉంది.

మూడు వారాలకు మేడమ్ ఫోన్ చేసింది. జాకెట్ గుడ్డ నేసిన గుడ్డ, కోసిన అంచు నుంచి దారాలు ఊడుతూనే ఉంటాయి. మేము ఒక్క ముడే వేశాం, అది కూడా వదులుగా. ఒక ఇంట్లో కుక్కపిల్ల తిండితోపాటు దారాలు, ఒక పేలిక మింగేసింది. వాంతులు పట్టుకుంటే డాక్టర్ దగ్గరికి ఉరికారు. పేలిక దానంతట అదే బయటికి వచ్చింది కాబట్టి బతికిపోయింది. దారం పేగుల్లో చుట్టుకుంటే పేగు కోసుకుపోతుందని, ఆపరేషన్ చేయాల్సి వస్తుందని డాక్టర్ చెప్పాడట. మేడమ్ తిట్టలేదు. "మీ పట్టాలు అన్నీ వాపసు తీసుకోండి, నా డబ్బులు నాకు ఇవ్వండి" అన్నది, అంతే.

ఆ వారం మీటింగ్ రాత్రి తొమ్మిదిన్నర దాకా నడిచింది. ఒకామె "కుక్కే కదా, బతికింది కదా, డబ్బులు ఎందుకు ఇవ్వాలె?" అన్నది. ఇంకొకామె సంఘం పొదుపులో నుంచి కట్టేద్దామన్నది. దానికి మిగతా నలుగురైదుగురు ఒప్పుకోలేదు. పొదుపు అందరిది, పట్టాలు చేసింది ఆరుగురు, లాభం పంచుకున్నప్పుడు మమ్మల్ని పిలిచారా అని అడిగారు. న్యాయమే. మాకు కోపం వచ్చింది గానీ న్యాయమే. ఇద్దరు సంఘం నుంచి పేరు తీసేయమనే దాకా పోయింది. చివరికి ఆరుగురం కలిసి సంఘం నుంచి అంతర్గత అప్పు కింద 6,250 తీసుకోవాలని, నూటికి రూపాయి వడ్డీతో అయిదు నెలల్లో కట్టాలని తీర్మానం పుస్తకంలో రాసుకొని సంతకాలు పెట్టాం. నెలకు అసలు 1,250, వడ్డీ వేరే. ఒక్క నెల కూడా తప్పలేదు. మేడమ్‌కు డబ్బులు మేమే పట్నం పోయి ఇచ్చి వచ్చాం. పాత పట్టాలన్నీ విప్పేశాం, రబ్బరు మాత్రం పనికొచ్చింది.

అప్పు తీరుతుండగానే మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మా ఇంటి టామీ ముందు వేసి చూసుకుంటూ చేశాం. మొదటి పట్టాను అది ఒకసారి వాసన చూసి, తుమ్మి, దూరం పోయి కూర్చుంది. తలకాయ పట్టుకున్నాం. తర్వాత తెలిసింది, ఆ దుప్పటి బీరువాలో కలరా ఉండల మధ్య ఉన్నది. మనకే ముక్కు మండుతుంది, దానికెట్లా ఉంటుంది? పైగా ఆ ఉండలు కుక్కకు విషం. అప్పటి నుంచి ఆ వాసన ఉన్న గుడ్డ ముట్టుకోము. సెంటు సబ్బు, బట్టలు ఉతికాక వేసే వాసన ద్రవం కూడా వాడము. మామూలు సబ్బుతో ఉతికి, రెండు మూడు సార్లు జాడించి, ఎండలో ఆరేస్తాం.

గుడ్డ సంగతి. ఫ్లీస్ దుప్పటి అన్నిటికంటే మంచిది. చలికాలం బండ్ల మీద అమ్మే మెత్తటి దుప్పట్లు ఉంటాయి కదా, అవి. కోస్తే అంచుకు దారం ఊడదు. అది దొరకకపోతే బనియన్ గుడ్డ, పాత టీషర్టులు. అల్లిన గుడ్డ కాబట్టి నేసిన గుడ్డ లాగా దారాలు రావు, కాకపోతే చుట్టుకుపోతుంది, గడ్డి లాగా నిలబడదు. గుండీలు, జిప్పులు, రబ్బరు ప్రింటు ఉన్న చోటు కోసి పారేయాలి. జాకెట్ ముక్కలు వద్దే వద్దు.

రబ్బరు పట్టా అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు చాలు. పేలిక అంగుళం వెడల్పు, ఏడెనిమిది అంగుళాల పొడవు. పేలికను కింది నుంచి ఒక రంధ్రంలో పైకి తీయాలి, రెండో కొసను పక్క రంధ్రంలో నుంచి పైకి తీయాలి, రెండు కొసలు కలిపి పైన రెండు ముళ్లు గట్టిగా వేయాలి. రెండు ముళ్లు. ఒక వరుస అయ్యాక పక్క వరుస, అన్నీ అయ్యాక అడ్డంగా మళ్లీ వరుసలు. చేత్తో విడదీసి చూస్తే రబ్బరు కనబడకూడదు. ఆఖరుకు ఒక్కొక్క పేలికను పట్టి గుంజి చూడాలి. ఈ గుంజే పని కట్టిన మనిషి చేయదు, ఇంకొకామె చేస్తుంది. ఎవరి ముడి వాళ్లకు గట్టిగానే కనబడుతుంది.

కుక్కకు నేర్పడం కూడా ఉంటుంది. మొదటి రోజు గింజలు పైపైన కనబడేట్టు వేయాలి. రెండో రోజు కొంచెం లోపలికి. తర్వాత పూర్తిగా దాచాలి. టామీకి జొన్న రొట్టె ఎండబెట్టి చిన్న ముక్కలు చేసి వేస్తాం, పెడిగ్రీ గింజలు కొనము. అన్నం, కూర, తడి తిండి ఏదీ వేయొద్దు, గుడ్డ కంపు కొడుతుంది. ఉల్లిగడ్డ తగిలింది, కిస్మిస్, చాక్లెట్ అసలే వేయొద్దు, అవి కుక్కకు విషం. పట్టాలో వేసింది రోజు తిండిలో నుంచి తగ్గించుకోవాలి, లేకుంటే లావవుతుంది.

ఇవన్నీ ఒక చీటీ మీద తెలుగులో, ఇంగ్లీషులో అచ్చు వేయించి ప్రతి పట్టాతో ఇస్తున్నాం. చీటీలో మొదటి మాట: కుక్క పట్టా మీద ఉన్నంతసేపు మనిషి పక్కనే ఉండాలి, తినడం కాగానే తీసి పైన పెట్టాలి. గుడ్డలు కొరికి మింగే అలవాటున్న కుక్కకు ఈ పట్టా వద్దని కూడా రాశాం. అట్లా రాస్తే ఎవరు కొంటారని మాలోనే ఒకామె గొణిగింది. రాయకుండా ఒకసారి అమ్మి చూశాం కదా అన్నాం.

ఇక లెక్క. మొదటిసారి 250కి అమ్మినప్పుడు రబ్బరు, రానుపోను ఛార్జీలు పోను పట్టాకు 110 మిగిలింది, అదే లాభం అనుకున్నాం. పట్టాకు నాలుగు గంటలు పట్టింది. గంటకు 28 రూపాయలు కూడా కాలేదు. ఉపాధి హామీ పనికి పోయినా అంతకంటే ఎక్కువే వచ్చేది. ఇప్పుడు చెయ్యి తిరిగి మూడు గంటల్లో అవుతుంది. రబ్బరు, గుడ్డ కలిపి 170, మా చేతి కూలి గంటకు 60 చొప్పున 180, చీటీకి, కవరుకు, ఛార్జీలకు 30. మొత్తం 380. అమ్మేది 450. మిగిలిన 70 సంఘం ఖాతాలో పడుతుంది, ఆరుగురికి కాదు. ఆ మీటింగులో అడిగిన అక్కలకు ఇదీ జవాబు. ధర పెంచాక కొనేవాళ్లు తగ్గారు, నెలకు ఎనిమిదో పదో పోతున్నాయి. దీంతోనే ఇల్లు గడుస్తుందని మేము చెప్పము. టైలరింగ్ లేని రోజుల్లో కూర్చొని చేసుకునే పని.

పోయిన నెల ఆ మేడమే మళ్లీ అడిగింది. అయిదు చాలు, ముందు చూస్తానన్నది. అయిదు పంపించాం, ఇంకా ఫోన్ రాలేదు.

బయట బల్ల మీద రెండు పట్టాలు పెట్టాం, భోజనాల టైములో వచ్చి చూడండి, పేలికలు గుంజి చూడండి. మీ ఇళ్లల్లో పాత ఫ్లీస్ దుప్పట్లు ఉంటే వచ్చే మీటింగుకు తీసుకురండి, కిలో లెక్కన కొంటాం, చిరిగినా ఫర్వాలేదు. కలరా ఉండల దగ్గర పెట్టినవి మాత్రం వద్దు. టామీని కూడా తెద్దామనుకున్నాం గానీ, పోయినసారి మా ఊరికి వచ్చినప్పుడు ఏపీఎం సారు బండి వెంట పడింది, అందుకని ఇంటి దగ్గరే ఉంచి వచ్చాం.