మేస్త్రీ, మాస్టారు



మధ్యయుగపు ఐరోపా చరిత్రలో ముఖ్యమైన మాటల గురించి చెప్పమన్నారు. నేను ఒక్క మాటే ఎంచుకున్నాను. అది మీ నోట రోజూ వచ్చేదే: మేస్త్రీ.

లాటిన్‌లో 'మాగిస్టర్' అంటే పెద్ద, పని తెలిసినవాడు. అది పోర్చుగీసులో 'మెస్త్రె' అయింది. 1498లో వాస్కో డ గామా కాలికట్ దగ్గర దిగాక ఓడల వెంట మన రేవులకొచ్చి మేస్త్రీ అయింది. అదే లాటిన్ మాట ఇంగ్లీషులో 'మాస్టర్' అయి, మన బడిలోకొచ్చి మాస్టారైంది. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే.

మధ్యయుగపు ఐరోపాలో పని నేర్పించాలంటే కుర్రాణ్ణి మేస్త్రీ ఇంట్లో పెట్టేవారు. లండన్‌లో మామూలుగా ఏడేళ్ళు. తిండీ పడకా అక్కడే. తర్వాత కొన్నాళ్ళు రోజు కూలికి చెయ్యాలి. చాలా ఊళ్ళలో, చివరికి తన చేత్తో ఒక వస్తువు చేసి పెద్దల ముందు పెట్టాలి. వాళ్ళు ఒప్పుకుంటేనే మేస్త్రీ. 'మాస్టర్‌పీస్' అనే మాట ఆ పరీక్షలోంచి పుట్టిందే. ఒకే పని చేసేవాళ్ళు ఇలా కట్టుకున్న సంఘం పేరు గిల్డ్. సభ్యుడు పోతే అంత్యక్రియలు చూసేది, అతని భార్యకు ఇంత సాయం చేసేది ఆ సంఘమే. పరాయివాణ్ణి, యూదుణ్ణి గడప తొక్కనివ్వనిదీ అదే. రెండూ చెప్పుకోవాలి.

'యూనివర్సిటీ'కి మూలమైన 'యూనివర్సితాస్'కు కూడా మొదట సంఘమనే అర్థం. 1200 ప్రాంతంలో పారిస్‌లో చదువు చెప్పే మాగిస్టర్లు అలాంటి సంఘమే కట్టుకున్నారు. ఎం.ఏ.లో మొదటి అక్షరం ఆ మాగిస్టర్‌దే.

ఇందాక ఇక్కడికొస్తూ ఒక ఇల్లు కడుతున్నచోట ఆగాను. మేస్త్రీ దారానికి గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసి, తాపీ పిడితో ఇటుకను చిన్నగా తట్టాడు. మాలు అందిస్తున్న కుర్రాడు ఆయన చేతినే చూస్తున్నాడు. ఆ ఏడేళ్ళ చదువంటే అదే.

కానీ మాట వచ్చింది గాని, దాని వెనకున్న సంఘం మన రేవుల దాకా రాలేదు. అందుకే మాట దారి తప్పింది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి మనవాళ్ళు బర్మా వెళ్ళారు. అక్కడ వాళ్ళని 'కోరంగీలు' అనేవారు. ఊళ్ళో పోగుచేసి, ముందుగా డబ్బిచ్చి, ఓడెక్కించి, బియ్యం మిల్లుల్లోనో రేవులోనో పనికి పెట్టినవాడి పేరూ మేస్త్రీయే. ఈ మేస్త్రీ పని నేర్పేవాడు కాడు, కూలిలో వాటా తీసుకునేవాడు. అప్పు తీరేదాకా కూలీ అతని గుప్పిట్లోనే.

1930 మేలో మనవాళ్ళు 'రంగం' అనే రంగూన్ రేవులో మనవాళ్ళు సమ్మె కట్టారు. వాళ్ళ బదులు బర్మావాళ్ళను తెచ్చారు, సమ్మె తీరగానే ఆ బర్మావాళ్ళను పొమ్మన్నారు. అల్లర్లు రేగాయి. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన దేశం కూలీలే.

మీ ఇళ్ళల్లో 'తాత రంగం వెళ్ళాడు' అనే ముచ్చట ఉంటే సభ అయ్యాక నాకు చెప్పండి. ఆయన్ని తీసుకెళ్ళిన మేస్త్రీ పేరు ఎవరికైనా గుర్తుంటే, అదీ చెప్పండి.