పాలతుత్తము: పైరునకును, పసిబిడ్డకును

(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ముప్పదియైదేండ్లు బాలురకు శబ్దమంజరియు, అమరమును జెప్పి విశ్రాంతి గొన్న నేను, నేడు మీ యెదుట ఒక యుప్పును గూర్చి ప్రసంగించుట కొందఱకు వింతగా దోచవచ్చును. కాని మన సంఘమున మడి లేని కుటుంబ మరుదు. పసిబిడ్డ యాడని యిల్లు అంతకంటె నరుదు. ఈ యుప్పు ఆ రెండింటికిని సంబంధించినది. దాని పేరు పాలతుత్తము. ఎరువుల యంగడిలో దానినే జింకు సల్ఫేటందురు.

మైలుతుత్తము రాగినుండి కలుగునది, నీలవర్ణము. అన్నభేది ఇనుమునుండి కలుగునది, పచ్చనిది. పాలతుత్తము యశదమునుండి, అనగా తుత్తునాగమునుండి, గంధకామ్లముచే కలుగునది, తెల్లనిది. నీట సులభముగా కరగును. ఏడు జలాణువులతో గూడిన స్ఫటికములందు నూటికి 21 పాళ్లకును, ఒకే జలాణువు గలదానియందు 33 పాళ్లకును యశదము తగ్గరాదని యెరువుల శాసనము విధించినది. కావున బస్తాపై నే యంకె యున్నదో చూచి కొనవలెను.

యశదము మనకు పరాయిది కాదు. ఉదయపురము చెంతనున్న జావరు గనులయందు పూర్వులే దానిని దీసిరి. ఖనిజమును కాల్చినచో యశదము ఆవిరియై పోవును. కావున వారు మూసలను తలక్రిందుగా నిలిపి, ఆవిరిని క్రిందికి దింపి చల్లార్చి లోహము గావించిరి. రసరత్నసముచ్చయమున నిట్టి క్రియ చెప్పబడియున్నది. నేటికిని మన దేశపు యశదమునకు రాజస్థానమే ముఖ్యస్థానము. ఆ లోహమునుండియు, ఇనుమునకు యశదపు పూత పూయు కర్మశాలలలో మిగులు బూడిదనుండియు పాలతుత్తము తయారగును. బూడిదతోపాటు సీసము, కాడ్మియము వంటి విషలోహములు లేశముగా రావచ్చునని మఱవకుడు.

1966లో పంతనగరమున డాక్టరు వై. ఎల్. నేనే గారు వరికి వచ్చు ఖైరా తెగులు యశదలోపమువలన గలుగునదని తెలిపిరి. నాటిన రెండు మొదలు నాలుగు వారములలో ఆకులపై తుప్పురంగు మచ్చలు దేలును, ఆకు పెళుసై వంచిన విఱుగును, పైరు గిడసబాఱును. ఎకరమునకు 20 కిలోల పాలతుత్తమును ఆఖరి దమ్మున వేసినచో రెండు మూడు పంటలవఱకు చాలును. పైరుమీద లోపము కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల వంతున ఐదు దినముల కొకమాఱు రెండు మూడు సార్లు పిచికారి చేయవలెను.

ఇందు నేను సయితము పొరపడితిని. కూలి కలిసివచ్చునని దీనిని డి.ఏ.పి.తో గలిపి చల్లితిని. ఆ యేడు నా యెకరము మరల తుప్పురంగు దేలినది. భాస్వరముతో గూడిన యశదము నీట కరగని పదార్థమై వేళ్లకు సరిగా నందదు. రెంటికిని రెండు మూడు దినముల యెడముంచవలెను.

కల్తీ వేఱొక యాపద. మెగ్నీషియము సల్ఫేటు చూపునకు దీనివలెనే యుండును; వెల తక్కువ. పాఠశాల ప్రయోగశాలలో ఉపాధ్యాయునిచే పరీక్ష చేయింపుడు. కాస్టికు సోడా ద్రావణము కొంచెము చేర్చినచో రెండును తెల్లని మడ్డి నిచ్చును. అధికముగా జేర్చినచో పాలతుత్తపు మడ్డి కరగిపోవును. రెండవదాని మడ్డి కరగదు.

ఇక పసిబిడ్డల విషయము. యశదలోపము మనుష్యులకును గలుగునని 1961లో మన దేశమున జన్మించిన వైద్యుడు ఆనందప్రసాదు గారు ఇరానునందలి రోగులను జూచి ప్రకటించిరి. 2004లో ప్రపంచ ఆరోగ్యసంస్థయు, యూనిసెఫును, విరేచనములు పట్టిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్.తోపాటు 10 మొదలు 14 దినములు యశదము నీయవలెనని చెప్పినవి. ఆఱు నెలలు దాటినవారికి దినమునకు 20 మిల్లీగ్రాములు, లోపువారికి 10. విరేచనములు త్వరగా కట్టును; తరువాతి రెండు మూడు నెలలు మరల వచ్చుట తగ్గును. విరేచనములు నిలిచినవని మాత్రలు నడుమ మానరాదు.

పోయిన వానకాలమున మా రచ్చబండకడ నేనీ సంగతులే చెప్పితిని. వారము తిరుగకముందే ఒక అవ్వ వచ్చి, “పంతులుగారూ! మాత్రలోనిదీ మా బస్తాలోనిదీ ఒకటే ఉప్పని మీరే చెప్పారు గదా. మనవడికి మాత్రలు అయిపోయాయి. చిటికెడు నీళ్లలో కలిపి పోయనా?” అని యడిగినది. నా గుండె ఝల్లుమనినది. ఆమె యడుగక యే పోసియుండినచో! వెంటనే ఆశా కార్యకర్తను బిలిపించి మాత్రలిప్పించితిని.

తప్పు అవ్వది కాదు, నాది. ఉప్పు పేరు చెప్పితిని గాని మాత్ర చెప్పనైతిని. మాత్ర యనగా కొలత. వైద్యుని గుళికకు ఆ పేరు వచ్చుట అందుచేతనే. బిడ్డకు వలయు 20 మిల్లీగ్రాముల యశదము ఒక గ్రాము ఉప్పులో పదవవంతున కంటె తక్కువలో నిమిడియుండును. చిటికెడు దానికి అనేక రెట్లు. వాంతులు గలుగును, కడుపున పుండు పడవచ్చును. పైగా ఎరువు ఎరువే. ఔషధమువలె శుద్ధి పొందినది కాదు.

ఈ యుప్పు కంటబడినచో తీవ్రమైన హాని సేయును. వెంటనే నీటితో చాలసేపు కడిగి వైద్యుని జూడవలెను. చల్లునపుడు చేతులకు తొడుగులు వలయును. పిచికారి డబ్బాను చెఱువులో కడుగరాదు; చేపలకు విషము. బస్తాను వంటయింటను, పిల్లల కందునట్లును ఉంచరాదు.

పోషక మహాశయులారా! మీరు వసతిగృహములకును, సత్రములకును ధనమిచ్చుచున్నారు. ఈ యేడు మన గ్రామములలో భూసార పరీక్షలకు కొంత యిండు; లోపమున్న మడికే యుప్పు చేరును. యువకులారా! రసీదు లేక బస్తా కొనకుడు. తల్లులారా! మాత్రలు ఆశా కార్యకర్తలయొద్దను, ప్రభుత్వ వైద్యశాలలయందును ఉచితముగా లభించును. వానకాలమునకు ముందే అడిగి యుంచుకొనుడు. బస్తా పొలమునకు, మాత్ర బిడ్డకు: ఈ మాట యింటింట జెప్పుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.