ముందు బయటపడేది ఆమెకే

(ఆరోగ్య కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



హెపటైటిస్-బి ఒక ఇంట్లో ముందుగా ఎవరికి బయటపడుతుంది? చాలా ఇళ్లలో గర్భిణికే. ఎందుకంటే రక్తపరీక్ష చేసేది ఆమెకే. భర్తను పరీక్షకు రమ్మని అడిగేవాళ్లు తక్కువ. కాగితం మీద 'పాజిటివ్' అని కనబడగానే 'ఎక్కడి నుంచి తెచ్చావు?' అనే ప్రశ్న మాత్రం ఆమెకే ఎదురవుతుంది. ఆ వైరస్ ఆమెకు పుట్టుకలోనే తల్లి నుంచి వచ్చి ఉండవచ్చు. శుద్ధి చేయని సూది వల్లనో, భర్త నుంచో వచ్చి ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఒంట్లో ఉండగలదు. జబ్బు ఎవరికి ఉందో పరీక్ష చెబుతుందే గాని, ఎవరి నుంచి వచ్చిందో చెప్పదు.

ఇక బిడ్డ సంగతి. పుట్టుకలో ఈ వైరస్ సోకితే నూటికి 90 మంది పిల్లల్లో అది శాశ్వతంగా నిలిచిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా నిలిచేది నూటికి ఐదుగురిలోపే. నిలిచిపోయినవాళ్లలో కొందరికి ముందుముందు కాలేయం పాడవుతుంది, క్యాన్సర్ కూడా రావచ్చు. అందుకే ప్రతి బిడ్డకూ పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి. తల్లి పాజిటివ్ అయితే దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజక్షన్ కూడా, వీలైతే 12 గంటల్లోపే ఇవ్వాలి. తల్లి రక్తంలో వైరస్ ఎక్కువగా ఉంటే కాన్పుకు ముందే టెనోఫొవిర్ మాత్రలు మొదలుపెడతారు. తల్లిపాలు మాన్పించనక్కర్లేదు.

1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఇక్కడే తయారుచేసి అమ్మేదాకా ఈ టీకా ఖరీదైన దిగుమతి సరుకు. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో పసిబిడ్డలకు ఉచితం. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు కూడా ఉచితమే. అయినా రాత్రిపూట, సెలవురోజు కాన్పయితే 'రేపు వేద్దాం' అనే మాట వినవస్తుంది. ఆ రేపటికి గడువు దాటిపోవచ్చు.

భర్తకూ పరీక్ష చేయించాలి. అతనికి జబ్బు గాని, రక్షణ గాని లేకపోతే ఆరు నెలల్లో మూడు మోతాదుల టీకా, అవి పూర్తయ్యేదాకా కండోమ్. ఈ మాట భార్య చేత చెప్పించడం కాదు, ఆరోగ్య కార్యకర్తే అతనికి నేరుగా చెప్పాలి. భర్తను కాదనగల స్థితి ఎందరు భార్యలకుంది?

కలిసి తినడం వల్ల ఇది రాదు. కంచం, గ్లాసు వేరు చేయడం వైద్యం కాదు, వెలివేత. బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లకుండాలి.

2017 నాటి హెచ్‌ఐవి చట్టం ఆ జబ్బున్నవాళ్లకు గోప్యత హక్కునిచ్చింది. హెపటైటిస్-బి దాని పరిధిలో లేదు. కనుక ఆమె ఫలితం ముందు ఆమెకే చెప్పాలని, ఆమె అనుమతి లేకుండా అత్తింటికి చేరకూడదని పట్టుబట్టవలసింది మనమే. మీ ప్రాంతపు కాన్పుల వార్డుకు వెళ్లి అడగండి: రాత్రి పుట్టిన బిడ్డకు టీకా ఎవరు వేస్తారు? ఇమ్యునోగ్లోబులిన్ నిల్వ ఉందా? భర్తలను పరీక్షకు పిలుస్తున్నారా?