రైలును పేల్చిన సబ్‌మెరైన్ కెప్టెన్

సబ్‌మెరైన్ ఓడని ముంచిందంటే నమ్ముతాం. రైలును పేల్చిందంటే? నేను మొదటిసారి చదివినప్పుడు ఎవరో కథ అల్లారనుకున్నా. కాదండీ, నిజంగా జరిగింది. ఆ కెప్టెన్ పేరు యూజీన్ ఫ్లకీ, అమెరికన్ నేవీ. ఆయన సబ్‌మెరైన్ పేరు బార్బ్.

వైజాగ్ బీచ్‌లో కురుసుర లోపలికి వెళ్లినవాళ్లకి తెలుసు, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒదగాల్సిందే. బార్బ్ లాంటి ఇనుప గొట్టంలో దాదాపు 80 మంది నెలల తరబడి ఉండేవాళ్లు.

ఫ్లకీ 1944లో కెప్టెన్ అయ్యారు. అదే ఏడాది సెప్టెంబరులో ఉన్‌యో అనే జపాన్ విమానవాహక నౌకని ముంచారు. అసలు అప్పుడు బార్బ్ వెళ్తున్నది మనుషుల్ని కాపాడటానికి. బ్రిటిష్, ఆస్ట్రేలియన్ యుద్ధఖైదీల్ని తీసుకెళ్తున్న జపాన్ ఓడని అమెరికన్ సబ్‌మెరైనే తెలియక ముంచేసింది. 5 రోజులుగా నీళ్లలో తేలుతున్నవాళ్లలో 14 మందిని బార్బ్ పైకి లాగింది.

1945 జనవరిలో చైనా తీరంలోని ఒక రేవులోకి రాత్రిపూట దూరి, లంగరేసిన ఓడల మీద టార్పెడోలు వదిలి, రాళ్లూ మైన్లూ ఉన్న నీళ్లలో గంటసేపు పరుగు తీసి బయటపడ్డారు. దానికే అమెరికా అత్యున్నత పతకం, మెడల్ ఆఫ్ ఆనర్.

ఇక రైలు సంగతి. 1945 జులై, కరఫుటో, అంటే ఇప్పటి రష్యాలోని సఖాలిన్ దీవి దక్షిణ భాగం. అప్పుడది జపాన్ చేతిలో ఉంది. తీరం పక్కనే రైళ్లు పోతుండటం పెరిస్కోప్‌లో చూశారు. పేల్చాలి సరే, బాంబు పెట్టి రైలొచ్చేదాకా అక్కడే కూర్చుంటే దొరికిపోతారు కదా? హాట్‌ఫీల్డ్ అనే ఎలక్ట్రీషియన్ చిన్నప్పుడు పట్టా కింద కాయలు పెట్టేవాడట. రైలు బరువుకి పట్టా కాస్త కిందికి వంగి కాయ పగిలేది. మనలో కొందరు పట్టా మీద రూపాయి బిళ్ల పెట్టేవాళ్లు, అలాంటి ఆటే. కాయ బదులు స్విచ్ పెడితే రైలే తనని తాను పేల్చుకుంటుంది!

ఫ్లకీ తానే వెళ్తానన్నారు, సిబ్బంది ఒప్పుకోలేదు. 8 మంది రబ్బరు పడవల్లో వెళ్లారు. చిక్కుకుపోతే కొండల వెంబడి ఉత్తరంగా సైబీరియా వైపు నడవమని చెప్పి పంపారు. పని మధ్యలోనే ఒక రైలు దూసుకొచ్చింది. పొదల్లో దాక్కుని, అది పోయాక 25 కిలోల పేలుడు మందుకి వైర్లు కలిపారు. తిరిగి సగం దూరం వచ్చారో లేదో ఇంకో రైలు! ఫ్లకీ మెగాఫోన్‌లో తెడ్లు గట్టిగా వేయమని అరుస్తున్నారు. రాత్రి 1:47కి ఇంజన్ గాల్లోకి లేచింది. 8 మందీ క్షేమంగా వచ్చేశారు.

ఆ రైల్లో ఉన్నవాళ్లూ మనుషులేనన్నది నేను మర్చిపోలేను. అందుకే దీన్ని సినిమా సీన్‌లా చెప్పలేకపోతున్నా.

యుద్ధం తర్వాత ఫ్లకీ రియర్ అడ్మిరల్ అయ్యారు, పసిఫిక్ సబ్‌మెరైన్ దళాన్ని నడిపారు, 1972లో రిటైరయ్యారు, 2007లో చనిపోయారు. మెడల్ ఆఫ్ ఆనర్ కాక 4 నేవీ క్రాస్‌లు. కానీ ఆయన ఎక్కువ గర్వపడింది తన వాళ్లెవరికీ రాని పతకం గురించి. అది పర్పుల్ హార్ట్. యుద్ధంలో గాయపడినవాళ్లకీ, చనిపోయినవాళ్లకీ ఇస్తారు. ఆయన కింద బార్బ్‌లో పనిచేసిన ఒక్కరికి కూడా దాని అవసరం రాలేదు.