గాలి అడ్డుపడకున్నచో

సికిందరాబాదునుండి హైదరాబాదునకు టాంకుబండుమీదుగా సైకిలుపై పోయిన వారికి నేటి ప్రసంగవిషయము కొత్తది కాదు. మెల్లగా తొక్కుచున్నంతసేపు గాలి యున్నట్లే తోచదు. కచేరీకి ఆలస్యమగుచున్నదని వేగము హెచ్చించితిమా, ఎవరో ఎదుట నిలిచి రొమ్ముపై చేయివైచి నెట్టుచున్నట్లుండును. చెట్టుటాకు కదలని నాడు సైతము ఇదే అనుభవము.

గాలియు నీరును తమలో చొచ్చుకొనిపోవు ప్రతి వస్తువును అడ్డగించును. నేలపై పెట్టెను ఈడ్చునప్పటి రాపిడి, మెల్లగా ఈడ్చినను వడిగా ఈడ్చినను, ఇంచుమించు ఒకటే. గాలి సంగతి అట్లు కాదు. సైకిలు వేగము రెట్టింపైనచో గాలి అడ్డు నాలుగురెట్లగును. దానిని గెలుచుటకు సెకనుసెకనునకు మన కాళ్లు పడవలసిన శ్రమ ఎనిమిదిరెట్లగును. న్యూటను 1687లో ప్రకటించిన తన మహాగ్రంథమున ఒక భాగమును ఇట్టి నిరోధమునకే కేటాయించెను. 1710లో లండనునందలి సెయింట్ పాల్ దేవాలయ శిఖరమునుండి గాజుగోళములను జారవిడిచి, అవి నేలచేరుటకు పట్టిన కాలమును లెక్కలతో సరిపోల్చి చూచిరి.

సైకిలు తొక్కువానికి గాలి శత్రువే. మరి గాలి అడ్డుపడకున్నచో ఏమగును? ఒకనాడు మేము సికిందరాబాదు స్టేషనులో వాన వెలియుటకై నిలిచి, పైకప్పు రేకులపై చినుకుల మోత వినుచు ఈ లెక్క వేసికొంటిమి. మేఘము ఒక కిలోమీటరు ఎత్తున నున్నదనుకొందము. అడ్డేమియు లేనిచో అచ్చటినుండి జారిన చినుకు నేలచేరునప్పటికి గంటకు 500 కిలోమీటర్ల వేగము నందుకొనవలెను. అట్టి వానలో గొడుగు నిలుచునా? వరిపైరు నిలుచునా? వాస్తవమున రెండు మిల్లీమీటర్ల చినుకు గంటకు ఇరువదిమూడు కిలోమీటర్ల వేగముతో మాత్రమే వచ్చి తగులును. మనము తలయెత్తి ఆ చినుకును ముఖమున పట్టి నవ్వుకొందుము.

ఇది ఎట్లు జరుగుచున్నది? పడుట మొదలిడినప్పుడు చినుకు వేగము స్వల్పము, గాలి అడ్డును స్వల్పము. వేగము పెరుగుకొలది అడ్డు పెరుగును, చినుకు బరువు మాత్రము పెరుగదు. కొంతసేపటికి రెండును సరితూగును. అటుపైన వేగము హెచ్చదు. దీనినే చరమవేగ మందురు. రెండును సరితూగినచో చినుకు ఆకసముననే ఆగిపోవలదా యని కొందరడుగుదురు. ఆగదు. పైకి నెట్టు బలము బరువును మించినప్పుడే వేగము తగ్గును. సమానమైనచో అప్పటికున్న వేగముతోనే సాగిపోవును.

చినుకు చిన్నదైనకొలది ఈ చరమవేగము తగ్గును. శీతకాలపు పొగమంచులో మిల్లీమీటరులో ఏబదవ వంతు వ్యాసముగల బిందువు, గాలి నిశ్చలముగా నున్నచో, సెకనుకు సుమారొక సెంటీమీటరు మాత్రమే దిగును. కిలోమీటరు దిగుటకు దానికి ఇంచుమించు ఒక దినము పట్టును. అంతటి సూక్ష్మబిందువుల విషయమున వేగము రెట్టింపైనచో అడ్డును రెట్టింపే యగును, నాలుగురెట్లు కాదు. 1851లో స్టోక్సు అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన నియమ మిది.

చినుకును కాపాడు ఈ అడ్డే మన ఊరి చెంతనుండి పైకిపోవు విలువైన పరికరములను కూడ కాపాడుచున్నది. సికిందరాబాదునకు అనతిదూరమున, ఇ.సి.ఐ.ఎల్. పరిసరములలో, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ వారి బెలూను కేంద్రము కలదు. హైడ్రోజను నింపిన పలుచని ప్లాస్టిక్ బెలూనులు అచ్చటినుండి శాస్త్రపరికరములను 30 మొదలు 42 కిలోమీటర్ల ఎత్తునకు గొనిపోవును. పని ముగిసిన పిమ్మట రేడియో సంకేతముతో పరికరముల పెట్టెను బెలూనునుండి విడదీయుదురు. పారాషూటు విచ్చుకొనును.

విచ్చుకొన్నంతమాత్రమున పెట్టె మెల్లగా దిగదు. 30 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేలమట్టపు గాలి సాంద్రతలో నూటికి ఒకటిన్నర వంతు. నేలను తాకునప్పటికంటె సుమారు ఎనిమిదిరెట్ల వేగముతో పడినగాని ఆ పలుచని గాలి పెట్టె బరువునకు సరితూగు అడ్డు నీయజాలదు. దిగినకొలది గాలి చిక్కనగును, వేగము తగ్గును. 1960 ఆగస్టు 16న అమెరికా వైమానికదళమునకు చెందిన జోసెఫ్ కిట్టింజరు 31 కిలోమీటర్ల ఎత్తున బెలూనునుండి దూకినప్పుడు గంటకు 980 కిలోమీటర్లకు మించిన వేగము నందుకొనెను. ప్రధానమైన పారాషూటు విచ్చుకొనకమునుపే చిక్కనగుచున్న గాలి ఆ వేగమును చాలవరకు తగ్గించివైచెను.

పై గాలుల ననుసరించి పెట్టె వందల కిలోమీటర్ల దూరమున, ఏ జొన్నచేనులోనో, ఏ చెరువుగట్టునో దిగవచ్చును. ఒక మీటరు అద్దముగల దూరదర్శిని ఇట్లే పలుమార్లు పోయి తిరిగివచ్చినది. నేలను తాకిన తరువాత గాలి చేయగలిగినది లేదు. అటుపై దాని క్షేమము ఆ పొలము రైతు చేతిలో నున్నది. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మొగిలిగుండ్లలో ఇట్టి వింతవస్తువు దిగినప్పుడు జనులు గుంపులుగా చూడవచ్చిరి. చూచుటలో తప్పులేదు. పెట్టెను విప్పరాదు, కదల్పరాదు. కొన్నిటిలో అధికవిద్యుత్తు ఉండును. అందలి సమాచారము చెడినచో ఏండ్లకొలది సాగిన శ్రమ వ్యర్థమగును. పెట్టెపై వ్రాసిన చిరునామాకు గాని, దగ్గరి పోలీసుస్టేషనుకు గాని తెలిపినవారికి తగిన బహుమానము, అయిన ఖర్చులు ఇత్తురు. పల్లెలలో బంధువులున్న శ్రోతలు ఈ మాట వారి చెవిని వేయగోరెదము.

రేపు టాంకుబండుపై గాలి మిమ్ము వెనుకకు నెట్టినప్పుడు కొంచెము విసుగుకొనుడు, అది న్యాయమే. తొలకరి చినుకు నెత్తిన పడినప్పుడు మాత్రము ఆ గాలినే ఒకసారి తలచుకొనుడు.