ఆ చార్జీ దేనికని అడుగుదాం
(వినియోగదారుల హక్కుల మీద జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హింస గురించీ ఆస్తిహక్కు గురించీ మాట్లాడుకునే చోట కారు కొనడం గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అసలు కారు కొనగలిగిన స్త్రీలు ఎందరని కూడా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే టీచర్లు, నర్సులు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు అప్పు చేసి స్కూటీ కొంటున్నారు. కొందరు చిన్న కారు కొంటున్నారు. ఏళ్ళ తరబడి జీతంలోంచి వాయిదాలు కడుతున్నారు. ఆ డబ్బు ఏయే పేర్లతో పోతున్నదో తెలుసుకోవడం కూడా ఆర్థిక హక్కే.

నా అనుభవం ఒకటి చెప్తాను. కారు కొనడానికి హైదరాబాదులో ఒక షోరూముకి మా తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్ళాను. డబ్బు నాది. నడపబోయేదీ నేనే. సేల్స్ కుర్రాడు రంగు సంగతి నన్నడిగాడు, ధర సంగతి తమ్ముడితో మాట్లాడాడు. చేతికిచ్చిన కాగితంలో ఎక్స్‌షోరూమ్ ధర కింద ఏడు వరసలున్నాయి. వాటిలో 'హ్యాండ్లింగ్ చార్జీలు' అంటే ఏమిటని అడిగాను. "అందరికీ వుంటుంది మేడమ్" అన్నాడు, తమ్ముడి వైపు చూస్తూ.

అందరికీ వుంటుందా? అందరికీ ఒకేలా వుంటుందా? ఈ ప్రశ్నని అమెరికాలో ఇయన్ ఎయిర్స్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకుడు పరీక్షించి చూశాడు. ఆయన అధ్యయనం 1991లో హార్వర్డ్ లా రివ్యూలో వచ్చింది. శ్వేత పురుషుల్నీ, శ్వేత స్త్రీలనీ, నల్లజాతి స్త్రీ పురుషుల్నీ షికాగో ప్రాంతపు కారు షోరూములకు పంపాడు. అందరిదీ దగ్గర దగ్గర ఒకే వయసు, ఒకే స్థాయి చదువు. అందరూ ఒకే తరహా దుస్తులు వేసుకున్నారు, ముందుగా నేర్చుకున్న ఒకే పద్ధతిలో బేరం చేశారు. అయినా శ్వేత పురుషుల మీద డీలరు వేసుకున్న లాభం కంటే శ్వేత స్త్రీల మీద 40 శాతం ఎక్కువ వేసుకున్నాడు. నల్లజాతి పురుషుల మీద రెట్టింపు పైన, నల్లజాతి స్త్రీల మీద మూడు రెట్ల పైన వేసుకున్నాడు. 1995లో వెలువడిన మరింత పెద్ద అధ్యయనంలో కూడా శ్వేత పురుషులకే అందరికన్నా తక్కువ ధర దక్కింది.

దీంట్లో మనం గమనించాల్సింది ఒకటుంది. స్త్రీలకి బేరం చేయడం రాదు, అందుకే మోసపోతారు అనే మాట మనం చిన్నప్పటినించీ వింటున్నాం. ఇక్కడ అందరూ ఒకే బేరం చేశారు. ధర మారింది బేరాన్ని బట్టి కాదు, ఎదురుగా కూర్చున్న మనిషిని బట్టి. అమ్మే చోట స్త్రీ వుంటే సరిపోతుందా అంటే అదీ కాదు. మొదటి అధ్యయనంలో స్త్రీలని ఎక్కువగా స్త్రీల దగ్గరికే పంపారు, అక్కడే వాళ్ళకి ఎక్కువ ధర పడింది. కనుక ఇది ఒక సేల్స్‌మన్ దుర్బుద్ధికి సంబంధించిన విషయం కాదు. మనిషిని చూసి ధర చెప్పడానికి వీలిచ్చే పద్ధతికి సంబంధించిన విషయం.

మన దగ్గర ఎక్స్‌షోరూమ్ ధరని కంపెనీ ప్రకటిస్తుంది. అందుచేత మనిషిని బట్టి మార్చడానికి వీలున్నదంతా ఆ ధర కింది వరసల్లో వుంటుంది. ఆ వరసల్ని విడదీసి చూద్దాం.

మొదటిది ప్రభుత్వానికి చేరేది. జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ఇందులోవి. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం సొంత వాడకపు కొత్త కారు రిజిస్ట్రేషన్ ఫీజు 600 రూపాయలు. అప్పు మీద కొంటే ఆ సంగతి నమోదుకి మరో 1,500. కార్డు, సేవా రుసుముల వంటివి వీటికి కలుస్తాయి. 'ఆర్టీవో ఖర్చులు' అని ఒకే అంకె వేస్తే పన్నెంత, ఫీజెంత, మిగిలింది ఎవరికని అడగాలి. ప్రభుత్వానికి కట్టిన ప్రతి రూపాయికీ రసీదు వుంటుంది.

రెండోది బీమా. కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, దాని ప్రీమియం ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. సొంత బండి నష్టానికి చేసే బీమాలోనూ, దానికి తగిలించే అదనపు రక్షణల్లోనూ తేడాలుంటాయి. డీలరు దగ్గరే బీమా తీసుకోవాలని బలవంతం చేయకూడదని బీమా నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు 2017 నవంబరు 1 నుంచి అమల్లో వున్నాయి. బయట ఒక కంపెనీని అడిగి చూస్తే తేడా తెలిసిపోతుంది.

మూడోది డీలరు సొంతంగా కలిపేది. హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్, యాక్సెసరీల ప్యాకేజీ, అదనపు వారంటీ, రంగు మీద పూత. హ్యాండ్లింగ్ చార్జీకి మోటారు వాహన చట్టంలో ఆధారం లేదు. తక్కినవి మనకి కావాలంటే తీసుకుంటాం, లేకపోతే లేదు. ఒకటి కొనాలంటే మరొకటి కొని తీరాలనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నిర్బంధ వాణిజ్య పద్ధతి. స్కూటీ కొనేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోండి. బండితోపాటు హెల్మెట్ ఇవ్వాలని నిబంధనల్లోనే వుంది.

ఇంకో మాట. కారు ధర 10 లక్షలు దాటితే 1 శాతం పన్ను డీలరు వసూలు చేస్తాడు. అది ఖర్చు కాదు, ఆదాయపు పన్ను లెక్కల్లో మనకి జమ పడుతుంది. అయితే బిల్లు ఎవరి పేర వుంటే వాళ్ళకే జమ. జీతం మనదై, బిల్లూ రిజిస్ట్రేషనూ భర్త పేరనో అన్న పేరనో వుంటే రేపు ఆ బండి మనదని చెప్పుకోవడానికి చేతిలో కాగితం వుండదు. "ఎవరి పేరైతే ఏముంది" అని ఇంట్లో అన్నప్పుడు, అయితే నా పేరే వుండనివ్వండి అనాలి.

ఆరోజు నేను ప్రతి వరసా విడివిడిగా రాసి, షోరూమ్ ముద్ర వేసి ఇమ్మన్నాను. రాసిన కాగితంలో హ్యాండ్లింగ్ వరస లేదు. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత ఆలోచిస్తే అడగాల్సింది అనిపించింది. ఎందుకంటే నా తర్వాత వచ్చిన స్త్రీ ఆ డబ్బు కట్టే వుంటుంది.

కనుక ఇది ఒక్కరి తెలివితో తీరే సమస్య కాదు. అడ్వాన్సు ఇవ్వకముందే వరసవారీ ధర రాతలో తీసుకుందాం. ఆ కాగితాల్ని మన సంఘంలో పక్కపక్కన పెట్టి పోల్చుకుందాం. ఒకే బండికి ఎవరికెంత వేశారో అప్పుడు కళ్ళకి కనబడుతుంది. మాట వినకపోతే 1915 నంబరుకి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా కమిషన్‌లో మనం వుండే చోటే కేసు వేయవచ్చు. ప్రతి షోరూమ్‌లో పూర్తి ధరల పట్టిక అందరికీ కనబడేలా గోడ మీద పెట్టాలని గట్టిగా అడుగుదాం. గోడ మీదున్న ధర చీరని చూసీ మారదు, పక్కన మగమనిషి వున్నాడా లేడా అని చూసీ మారదు.