సూపర్ యాన్యుయేటెడ్ అంటే?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన రిటైర్మెంటు కాగితాల్లో సూపర్ యాన్యుయేషన్ అనే మాట ఉంటుంది. వయసు నిండి విరమించడమని అర్థం చెప్పుకుంటాం. దాని విశేషణమే 'సూపర్ యాన్యుయేటెడ్'. ఇంగ్లీషువారు కూడా రోజూ వాడే మాట కాదు. నిఘంటువు తీస్తే రెండర్థాలు కనిపిస్తాయి. ఒకటి, పింఛనుతో విశ్రాంతి పొందినవాడు. రెండోది కాస్త గుచ్చుకుంటుంది: వయసు మీరి పనికిరాకుండా పోయినది. మూలపడ్డ యంత్రాన్నీ, కాలం చెల్లిన అభిప్రాయాన్నీ కూడా ఈ మాటతోనే అంటారు.

దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. మధ్యయుగపు లాటిన్‌లో ఇది 'సూపరన్నాటస్'. సూపర్ అంటే పైన, అన్నస్ అంటే సంవత్సరం. యాన్యువల్, యాన్యుటీ ఆ అన్నస్ సంతానమే. అయితే ఈ మాట అన్నది మనుషుల్ని కాదు, పశువుల్ని! ఏడాది దాటిన పశువు అని అర్థం. ఏడాది దాటిన దూడను మన పల్లెల్లో ఎవరైనా ముసలిదంటారా? అది ఇంకా కాడి కిందికే రాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులో స్థిరపడేసరికి 'ఏడాది పైబడిన' కాస్తా 'ఏళ్ళు పైబడిన' అయి కూర్చుంది. 1859లో బ్రిటిష్ పార్లమెంటు సివిల్ ఉద్యోగుల పింఛన్లకు చేసిన చట్టానికీ సూపర్ యాన్యుయేషన్ చట్టమనే పేరు.

ఎన్నేళ్ళకు 'పైబడినట్టో' నిఘంటువు చెప్పదు, సర్కారు చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఆ వయసు 58 నుంచి 55కు దిగింది. తరువాత మళ్ళీ 58 అయింది. 2014లో 60, 2022లో 62 చేశారు. తెలంగాణలో 2021లో 61 చేశారు. 1983లో 55కే ఇంటికి వెళ్ళినవారు పనికిరానివారా? నేనొప్పుకోను.

ఇక పెన్షన్ అనే మాట. దాని లాటిన్ ధాతువుకు తూచడం, చెల్లించడం అని అర్థం. అంటే తూచి ముట్టజెప్పే బాకీ. దానం అనే ఛాయ అందులో లేదు. మన సుప్రీంకోర్టు కూడా నకారా కేసులో ఇదే దారిన నడిచింది. 1979లో కేంద్రం పింఛను లెక్కను మెరుగుపరచి, ఆ ఏడు మార్చి 31న గానీ ఆ తరువాత గానీ రిటైరైనవారికే వర్తింపజేసింది. ఒక్కరోజు ముందు దిగినవారికి లేదు. రక్షణశాఖలో పనిచేసి విరమించిన నకారా గారు తదితరులు కోర్టుకెక్కారు. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తేదీ గీతను చెరిపేసింది. పింఛను యజమాని దయ కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. ఆ తీర్పు 1982 డిసెంబరు 17న వచ్చింది. ఈ రోజు మనం జరుపుకుంటున్నది ఆ తేదీనే.